పాఠశాల సిబ్బంది జాతీయ గణాంకాలు (భారతదేశం)

దేశంలోని బడులలో పనిచేసే ఉపాధ్యాయుల, బోధనేతర సిబ్బంది వివరాలను ఒకే నమూనాలో, ఒకే తేదీ ప్రాతిపదికగా సేకరించి ప్రకటించే ఏర్పాటును పాఠశాల సిబ్బంది జాతీయ గణాంకాలు అంటారు. ప్రస్తుతం ఈ పని కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ నడిపే యూడైస్ ప్లస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా జరుగుతున్నది. ఉపాధ్యాయ నియామకాలు, బదిలీలు, శిక్షణ, సమగ్ర శిక్ష నిధుల కేటాయింపు వంటి నిర్ణయాలకు ఈ లెక్కలే ఆధారం. రెండు శతాబ్దాల ఈ చరిత్రలో లెక్క బడితో మొదలైంది. పంతులు అందులోకి నెమ్మదిగా వచ్చాడు. వంట మనిషి, ఆయా, అటెండరు ఇంకా ఆలస్యంగా, అదీ ముక్కలు ముక్కలుగా చేరారు.

తొలి లెక్కలు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్‌లో తన ఏలుబడిలోని జిల్లాల్లో విద్య స్థితిని తెలుసుకోవాలని ఆదేశించాడు. గంజాం, విశాఖపట్నం, రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు, నెల్లూరు, కడప, బళ్లారి వంటి జిల్లాల కలెక్టర్లు తమ లెక్కలు పంపారు. వారికి అందిన నమూనా పత్రంలో బడుల సంఖ్యకు, కులాల వారీగా విద్యార్థుల సంఖ్యకు గడులున్నాయి. బోధించేవారికి విడిగా గడి లేదు. కొందరు కలెక్టర్లు మాత్రం పంతుళ్లకు ముట్టే ప్రతిఫలం గురించి తమ లేఖల్లో రాశారు. 1826 మార్చి 10 నాటి మినిట్‌లో మన్రో ఈ సమాచారాన్నంతా క్రోడీకరించాడు. సుమారు 1 కోటి 28 లక్షల జనాభాకు 12,498 బడులున్నాయని, అంటే దాదాపు వెయ్యి మందికొక బడి అని తేల్చాడు. పంతులు నెలసరి రాబడి ఆరేడు రూపాయలకు మించదని, ఇంత తక్కువ రాబడితో సమర్థులు ఈ పనిలోకి రారని గుర్తించాడు. తాను ప్రతిపాదించిన జిల్లా బడుల్లో పంతులుకు నెలకు 15 రూపాయలు, తాలూకా బడుల్లో 9 రూపాయలు జీతమివ్వాలన్నాడు. ఉపాధ్యాయుల సమాచారం వేతన విధానానికి ఆధారమైన తొలి సందర్భాల్లో ఇదొకటి. ఈ కలెక్టర్ల నివేదికలను ధరంపాల్ 1983లో పుస్తకంగా ప్రచురించిన తరువాత ఇవి విస్తృత చర్చకు వచ్చాయి.

బెంగాల్, బీహార్ జిల్లాల్లో విలియం ఆడమ్ 1835 నుంచి 1838 వరకు మూడు నివేదికలు సమర్పించాడు. ఇవి మన్రో లెక్క కన్నా ఒక అడుగు ముందుకు వేశాయి. పంతుళ్ల కులం, వయసు, రాబడి వంటివి కూడా ఆయన నమోదు చేయించాడు.

శాఖల నివేదికల కాలం

1854 నాటి వుడ్ డిస్పాచ్ తరువాత రాష్ట్రాల్లో ప్రజా విద్యా శాఖలు ఏర్పడి, ఇన్‌స్పెక్టర్ల వ్యవస్థ మొదలైంది. గ్రాంటు కావాలంటే బడి లెక్క చూపాలి. దాంతో గణాంకాల సేకరణ అప్పుడప్పుడు జరిగే విచారణ స్థాయి నుంచి ఏటేటా సాగే దఫ్తరు పనిగా మారింది. శాఖల వార్షిక నివేదికలు, ఐదేళ్లకొకసారి వెలువడే అఖిల భారత సమీక్షలు ఈ కాలపు ప్రధాన ఆధారాలు. వీటిలో ఉపాధ్యాయులను శిక్షణ పొందినవారు, పొందనివారు అని విడదీసి చూపేవారు. నాటి విభజన నేటికీ పట్టికల్లో కొనసాగుతున్నది.

అఖిల భారత విద్యా సర్వేలు

స్వాతంత్ర్యం తరువాత రాష్ట్రాల నుంచి వచ్చే పట్టికలను కేంద్రం కూర్చి ప్రకటించేది. ఒక్కో రాష్ట్రం లెక్క ఒక్కో సమయానికి రావడంతో ప్రచురణ ఏళ్ల తరబడి ఆలస్యమయ్యేది. ఈ లోటు తీర్చడానికి 1957లో తొలి అఖిల భారత విద్యా సర్వే జరిగింది. ఏ ఊరికి నడక దూరంలో బడి ఉంది, ఏ ఊరికి లేదు అన్నది దాని ప్రధానాంశం. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1961లో ఏర్పడ్డాక ఈ సర్వేల బాధ్యత ఆ సంస్థకు వచ్చింది. 1965, 1973, 1978, 1986, 1993, 2002, 2009 సంవత్సరాల్లో తరువాతి సర్వేలు జరిగాయి. నాలుగో సర్వే నుంచి సెప్టెంబరు 30ని ప్రాతిపదిక తేదీగా తీసుకున్నారు. జూన్, జూలైలలో ప్రవేశాలు కొలిక్కి వచ్చి, బడి నిలకడగా నడిచే సమయం అది.

ఉపాధ్యాయుల అర్హతలు, శిక్షణ, స్త్రీ పురుష నిష్పత్తి, షెడ్యూల్డు కులాల, తెగల వాటా ఈ సర్వేల్లో క్రమంగా విస్తరించాయి. అయితే రెండు సర్వేల నడుమ ఐదు నుంచి తొమ్మిదేళ్ల ఎడం ఉండేది. ఈలోగా వేలాది టీచర్లు పదవీ విరమణ చేసేవారు, కొత్త డీఎస్సీలు (ఉపాధ్యాయ నియామక పరీక్షలు) వచ్చేవి. పోస్టుల లెక్కకు ఏడేళ్ల నాటి పట్టిక అక్కరకు రాదు.

డైస్

1994లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. జిల్లా ప్రణాళికకు జిల్లా లెక్క ఏటా కావాలి. ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళికా పరిపాలనా సంస్థ, యునిసెఫ్ సాయంతో, జిల్లా విద్యా సమాచార వ్యవస్థను రూపొందించింది. దీన్నే డైస్ అన్నారు. తొలి దశలో ఏడు రాష్ట్రాల్లోని 42 జిల్లాల్లో దీన్ని అమలు చేశారు. పథకం రెండో దశలో ఆంధ్రప్రదేశ్ నుంచి కరీంనగర్, వరంగల్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం జిల్లాలు చేరాయి. 2001 తరువాత సర్వ శిక్షా అభియాన్‌తో పాటు డైస్ దేశమంతటికీ వ్యాపించింది.

ఉపాధ్యాయ గణాంకాల చరిత్రలో డైస్ ఒక మలుపు. అందులో పిల్లలు తరగతివారీ మొత్తాలుగానే ఉండగా, టీచర్లకు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో వరుస కేటాయించారు. పుట్టిన తేదీ, చేరిన సంవత్సరం, చదువు, వృత్తి శిక్షణ, బోధించే తరగతులు, హాజరైన శిక్షణ దినాలు ఆ వరుసలో రాయాలి. బోధనేతర పనులకు వెచ్చించిన రోజుల సంఖ్య కూడా ఒక అంశమైంది. రెగ్యులర్ టీచర్లను, కాంట్రాక్టు లేదా పారా టీచర్లను వేరుగా చూపడం వల్ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని విద్యా వాలంటీర్ల వంటి నియామకాలు జాతీయ పట్టికల్లో కనబడసాగాయి.

యూడైస్, యూడైస్ ప్లస్

ఉన్నత పాఠశాలలకు వేరే వ్యవస్థ ఉండటంతో ఒకటి నుంచి పదో తరగతి వరకున్న బడి రెండు ఫారాలు నింపవలసి వచ్చేది. ఈ రెండింటినీ కలిపి 2012-13 నుంచి ఏకీకృత వ్యవస్థగా, అంటే యూడైస్‌గా మార్చారు. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం లేదా వార్డు, బడి అనే క్రమంలో అంకెలు సాగుతాయి. ఆంధ్రప్రదేశ్ కోడ్‌లు 28తోనూ, తెలంగాణ కోడ్‌లు 36తోనూ మొదలవుతాయి.

2018-19లో నిర్వహణ విద్యా మంత్రిత్వ శాఖకు మారింది. కాగితపు ఫారం స్థానంలో ఆన్‌లైన్ నమోదుతో యూడైస్ ప్లస్ వచ్చింది. 2022-23 నుంచి బడి, ఉపాధ్యాయులు, విద్యార్థులు అనే మూడు విభాగాలుగా నమోదు జరుగుతున్నది. టీచరుకు జాతీయ కోడ్ ఇస్తారు. బదిలీ అయినప్పుడు పాత బడి నుంచి ఆ రికార్డును విడుదల చేస్తే కొత్త బడి చేర్చుకుంటుంది. ఒకే టీచరు రెండు బడుల లెక్కలో పడే అవకాశం దీనివల్ల తగ్గింది. పద్ధతి మారినందున అంతకు ముందరి అంకెలను ఈ అంకెలతో నేరుగా పోల్చరాదు.

ఉపాధ్యాయుల సంఖ్య పాత పద్ధతిలో 2021-22లో 95.07 లక్షలుగా, కొత్త పద్ధతిలో 2023-24లో 98 లక్షలుగా నమోదైంది. 2024-25లో తొలిసారి కోటి దాటింది. వీరిలో సగానికి పైగా మహిళలు.

సేకరణ జరిగే తీరు

సమాచారం ఇచ్చేది ప్రధానోపాధ్యాయుడు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉన్న ఒక్క టీచరే ఆ పని చేయాలి. క్లస్టర్ రిసోర్స్ పర్సన్, అంటే సీఆర్పీ, ఫారాలను సరిచూస్తారు. మండల వనరుల కేంద్రంలోని ఎంఐఎస్ (సమాచార నిర్వహణ) కోఆర్డినేటరు, మండల విద్యాధికారి (ఎంఈవో), తరువాత జిల్లా అధికారులు ఆమోదిస్తారు. డైస్ కాలంలో ఐదు శాతం బడుల్లో మళ్లీ నమూనా తనిఖీ జరపాలన్న నిబంధన ఉండేది. ప్రధానంగా బడి స్వయంగా చెప్పుకున్న సమాచారమే కాబట్టి ఈ వ్యవస్థకు తనిఖీ ప్రాణం.

బోధనేతర సిబ్బంది

యూడైస్ నమూనాలో అకౌంటెంటు, గ్రంథాలయ సహాయకుడు, ప్రయోగశాల సహాయకుడు, గుమాస్తాలు, అటెండరు, రాత్రి కాపలాదారు వంటి కొలువులకు చోటుంది. ప్రచురిత నివేదికల్లో ప్రధాన పట్టికలు మాత్రం టీచర్లవే. సంఖ్యలో అతి పెద్ద వర్గమైన మధ్యాహ్న భోజన కార్మికులు, సుమారు 25 లక్షల మంది, వేరే పథకం లెక్కల్లో ఉంటారు. 25 మంది పిల్లల వరకు ఒకరు, 100 వరకు ఇద్దరు, ఆపై ప్రతి వందకు మరొకరు అనేది వీరి నియామక ప్రమాణం. కేంద్రం 2009లో వీరికి నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనం నిర్ణయించింది. కొన్ని రాష్ట్రాలు దీనికి తమ వాటా కలుపుతాయి. ఉద్యోగిగా కాక గౌరవ వేతనం పొందే వ్యక్తిగా నమోదు కావడం వల్ల వీరు పాఠశాల సిబ్బంది మొత్తంలో కలవరు. స్వీపర్లు, పారిశుద్ధ్య కార్మికులు, ఆయాల పరిస్థితీ చాలా చోట్ల ఇదే.

వినియోగం, విమర్శలు

2010 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మందికి, ప్రాథమికోన్నత స్థాయిలో 35 మందికి ఒక టీచరు ఉండాలని నిర్దేశించింది. ఇది పాటించని బడులను గుర్తించేది ఈ గణాంకాలతోనే. తెలుగు రాష్ట్రాల్లో రేషనలైజేషన్ పేరిట జరిగే పోస్టుల సర్దుబాటులో బడి నమోదు సంఖ్య కీలకం. అందువల్ల ఒక్క అంకె తేడా వచ్చినా ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టు నిలవడమో పోవడమో జరగవచ్చు. ఉపాధ్యాయ సంఘాలు నమోదు తేదీ గురించి పట్టుబట్టడానికి కారణం ఇదే.

సగటు అంకె అసలు పరిస్థితిని దాచగలదు. 2024-25లో దేశంలో 1,04,125 ఏకోపాధ్యాయ పాఠశాలలు నమోదయ్యాయి. వీటిలో 12,900కు పైగా ఉన్న ఆంధ్రప్రదేశ్‌ది రాష్ట్రాల్లో మొదటి స్థానం. పిల్లలు తక్కువగా ఉన్న చిన్న బడులు చెదరి ఉండటం వల్ల, రాష్ట్ర నిష్పత్తి చట్టానికి లోబడి ఉన్నా, ఒకే టీచరు ఐదు తరగతులు చూడవలసిన బడులు మిగిలిపోతున్నాయి.

మరొక విమర్శ పనిభారానికి సంబంధించినది. విద్యా హక్కు చట్టంలోని 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప విద్యేతర పనులకు టీచర్లను వాడరాదంటుంది. యూడైస్ నమోదు విద్యా సంబంధమైనదే కనుక ఈ నిషేధం కిందికి రాదు. గుమాస్తా లేని ప్రాథమిక పాఠశాలలో ఆ పనికి పోయేది బోధన సమయమే. బోధనేతర సిబ్బంది కొరత వల్ల పడే ఈ భారం, ఆ కొరతను చూపవలసిన లెక్కలోనే అరకొరగా కనిపిస్తున్నది.