మెరుపుకు ముసుగు

వెల్డింగు దుకాణం ముందుగా నడిచిపోయేటప్పుడు పిల్లవాని కళ్ళకు చెయ్యి అడ్డుపెట్టని తల్లి మన ఊళ్ళలో ఉండదు. "అటు చూడకురా, కళ్ళు పోతాయి" అన్న మాట వింటూనే మనమందరము పెద్దవారమైనాము. పిల్లవాడు తల తిప్పుకొని పోవచ్చును. పనివానికి ఆ సౌకర్యం లేదు. చూడరాని దానిని చూస్తూనే పనిచేయవలసి రావడం ఈ వృత్తిలోని చిక్కు. ఆ చిక్కుముడి విడివడడానికి ఇంచుమించు నూరేండ్లు పట్టినది.

ఇనుమును ఇనుముతో అతకడం కొత్త విద్య కాదు. కొలిమిలో కాల్చి, దాగలి మీద సమ్మెటతో మోది, కమ్మరి ఆ పనిని వేల ఏండ్లుగా చేస్తున్నాడు. విద్యుత్తు ఆ పనిలోకి వచ్చినది మొన్నమొన్ననే. 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ రెండు బొగ్గు కడ్డీల నడుమ విద్యుత్తును దూకించి, కన్నులు మిరుమిట్లు గొలిపే వెలుగును చూపినాడు. అది దీపానికే గాని పనికి రాదని చాలకాలం అనుకొన్నారు. 1881లో రష్యా దేశీయుడు నికొలాయ్ బెనార్డోస్ ఆ వెలుగులోని వేడితో లోహాన్ని కరగించి అతికినాడు. గ్రీకుల కమ్మరి దేవత హెఫెస్టస్ పేర, తన పద్ధతికి ఎలెక్ట్రోహెఫెస్ట్ అని నామకరణం చేసినాడు. 1888లో స్లావ్యానోవ్ బొగ్గు కడ్డీకి బదులు లోహపు కడ్డీనే వాడినాడు. నేడు మన వీథి దుకాణాలలో కనిపించే మందుపూత రాడ్డుకు మూలపురుషుడు స్వీడను దేశీయుడైన ఆస్కార్ కెల్బెర్గ్.

ఈ మెరుపులో కంటికి కనిపించే వెలుగు సగం శత్రువు మాత్రమే. తక్కిన సగం కనిపించదు. ఎరుపునకు ఆవల వేడికిరణాలున్నవని 1800లో విలియం హెర్షెల్ కనుగొన్నాడు. ఊదాకు ఆవల మరికొన్ని కిరణాలున్నవని మరుసటి ఏడే రిట్టర్ కనుగొన్నాడు. అతినీలలోహితాలని మనము పిలిచే ఆ రెండవ కిరణాలు నల్లగుడ్డు పైపొరను, ఎండ ఒంటిని కాల్చినట్లు, కాల్చును. కాలిన సంగతి వెంటనే తెలియదు. కొన్ని గంటలు గడిచి, మనిషి భోంచేసి పడుకొన్న తరువాత, కళ్ళలో ఇసుక పోసినట్లగును.

ఇది పుస్తకంలో చదివి చెప్పుచున్న మాట కాదు. ఆదివారాలలో ఇంటి పెరటిలో చిన్న వెల్డింగు మిషను పెట్టుకొని, కుండీల స్టాండ్లు, కిటికీ చువ్వలు అతకడం నాకొక వ్యసనం. మొదటి రోజులలో చేతిలో పట్టుకొనే నల్లగాజు పలక ఒకటి ఉండేది. ఒక చేత రాడ్డు, మరొక చేత చువ్వ. పలకను పట్టుకొనడానికి మూడవ చెయ్యి ఏదీ? ఒక్క చుక్క వేయడానికి పలక దేనికని కళ్ళు మూసుకొని వేసినాను. అట్లు ఎన్ని చుక్కలు వేసినానో! ఆనాటి అర్ధరాత్రి లేచి కూర్చున్నవాడను తెల్లవారే వరకు నిద్రపోలేదు. ఉదయం ఆరుగంటలకు నేను ప్రసారం చదువవలసి ఉన్నది. కాగితం మీది అక్షరాలు నీళ్ళలో ఈదుచున్నవి. నా బదులు మరొకరు చదివినారు. ఇంట్లోవారు బంగాళాదుంప చక్రాలు కళ్ళ మీద పెట్టినారు; చల్లగా ఉండుటయే గాని అది మందు కాదని డాక్టరుగారు తరువాత మందలించినారు. రెండు రోజులకు చూపు కుదుటపడినది. అదృష్టం.

ఈ ముప్పును శాస్త్రీయంగా పట్టించుకొన్న తొలివారిలో సర్ విలియం క్రుక్స్ ఒకడు. ఆయన దృష్టి వెల్డరు మీద కాదు, గాజు కొలుముల దగ్గర పనిచేసి కంటిలో శుక్లాలు తెచ్చుకొనే కార్మికుని మీద. లండను రాయల్ సొసైటీ పక్షాన పూనుకొని, మూడువందలకు మించిన రకాల గాజులను కరగించి పరీక్షించినాడు. సీరియం కలిపిన గాజు అతినీలలోహితాన్ని మ్రింగుననీ, ఇనుము కలిసిన లేతాకుపచ్చ గాజు వేడిని ఆపుననీ 1913లో సొసైటీకి నివేదించినాడు. అప్పటికాయనకు ఎనుబది యేండ్లు దాటినవి. తరువాత వెల్డర్లు ధరించిన ఆకుపచ్చని గాజుకు బంధుత్వం ఇక్కడనే వెదకవలెను.

గాజు నలుపునకు ఒక లెక్క ఏర్పడినది. పదవ నంబరు గాజు ఏడువేల పాళ్ళ వెలుగులో సుమారు ఒక్క పాలు లోనికి రానిచ్చును. పదకొండవది పంతొమ్మిదివేలలో ఒకటి. కన్ను రక్షింపబడినది, కాని చేయి గ్రుడ్డిదైనది. మెరుపు పుట్టకముందు ఆ గాజులో నుండి చూచిన అమావాస్య చీకటే. అందుచేత పనివాడు ముసుగు పైకెత్తి, రాడ్డును సరిచూచుకొని, తల ఒక్కసారి విదిలించి ముసుగు కిందికి దింపి అంటించేవాడు. ఆ విదిలింపులో రాడ్డు కదలును, అతుకు తప్పును. రోజుకు వందలసార్లు విదిలించే మెడ మాట చెప్పనక్కరలేదు.

విరుగుడు, ఎవ్వరూ వెదకని చోట, కారట్ దుంపలో దొరికినది. 1888లో ప్రేగు నగరంలో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కారట్ నుండి తీసిన ఒక పదార్థాన్ని వేడిచేయగా, అది 145.5 డిగ్రీల వద్ద కరిగి మబ్బుగా ఉండి, 178.5 డిగ్రీల వద్ద మరల తేటపడినది. రెండుసార్లు కరుగుట ఏమి? అది ద్రవము వలె పారుచున్నది, స్ఫటికము వలె వెలుగును మెలిపెట్టుచున్నది. ద్రవస్ఫటికమని దానికి పేరు వచ్చినది. చాలకాలం అది ప్రయోగశాలలోని వింతగానే ఉండిపోయినది. 1970లో స్విట్జర్లండులో షాట్, హెల్‌ఫ్రిష్ అనే ఇద్దరు, ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ రేకుల నడుమ ద్రవస్ఫటికాన్ని మెలితిప్పి ఉంచి, కొద్దిపాటి విద్యుత్తుతో ఆ మెలిక విప్పవచ్చునని చూపినారు. మెలిక ఉన్నంతసేపు వెలుగు దాటిపోవును. విడిపోగానే తలుపు మూసుకొనును. చేతిగడియారాల అంకెలు ఈ విద్యతోనే వచ్చినవి.

స్వీడను దేశంలో ఓకె హర్నెల్ ఆ తలుపును వెల్డరు కళ్ళ ముందు నిలిపినాడు. 1981లో స్పీడ్‌గ్లాస్ అన్న పేర అది అంగడికి వచ్చినది. మెరుపు పుట్టిన క్షణాన్ని నొసట ఉన్న చిన్న కన్ను కనిపెట్టును, గాజు తనంతట తానే నల్లబడును. మందుపూత రాడ్డూ, ఈ ముసుగూ ఒకే దేశపు బిడ్డలు కావడం ముచ్చటైన సంగతి.

ఇక్కడ చాలమందికి ఒక భయం కలదు: నల్లబడడం క్షణం ఆలస్యమైతే కన్ను కాలదా అని. కనిపించని రెండు రకాల కిరణాలను ఆపే పొర ఆ గాజులో ఎల్లప్పుడూ ఉండును. బ్యాటరీ చచ్చినా అది చావదు. ప్రమాణం ప్రకారం చేసిన వస్తువు విషయంలో మాత్రమే ఈ మాట. ముద్రలేని సరకుకు నేను పూచీపడను.

మరి నేనెందుకు రెండవసారి ఖర్చు పెట్టినాను? నా మొదటి ఆటోమేటిక్ హెల్మెట్టు చౌకది, రెండే కళ్ళు కలది. బల్ల కింద దూరి అతికేటప్పుడు గొట్టమేదైన అడ్డువచ్చినచో అది మెరుపును చూడదు. గాజు తెరుచుకొనును, ముఖాన వెలుగు కొట్టును, చెయ్యి అదురును. అంతకంటె పెద్ద లోపం, అందులో నుండి కరిగిన లోహపు మడుగు ఆకుపచ్చని పొగమంచులో వలె కనిపించేది. మసి ఎక్కడ, లోహమెక్కడ తెలియదు. నా అతుకులు వంకరగా ఉండుటకు నా చేతినే తిట్టుకొంటూ వచ్చినాను.

2003 నాటి యూరపు ప్రమాణం ఈ గాజులకు నాలుగు అంకెలు వేసినది. బొమ్మ వంకరపోకుండుట, మసక లేకుండుట, నలుపు అంతటా సమంగా ఉండుట, పక్కకు చూచినా మారకుండుట, వీటికి ఒక్కొక్క అంకె. ఒకటి ఉత్తమం, మూడు అధమం. ఆ తరువాత ప్రపంచ ప్రమాణం వేరుగా వచ్చినను అంగడిలో నోట నానినవి ఈ నాలుగంకెలే. నేను కొన్న కొత్త హెల్మెట్టు మీద నాలుగూ ఒకట్లే. దానికి నాలుగు కళ్ళు. తెరిచి ఉన్నప్పుడు మూడవ నంబరు నలుపే, అనగా ఏడింట ఒక పాలు వెలుగు లోనికి వచ్చును. రంగులు రంగులుగా తోచును. మడుగు అంచున మసి వెనుకకు జారిపోవుట మొదటిసారి చూచిననాడు రాడ్డు అయిపోయినను నేను చెయ్యి కదపలేదు.

విజయవాడ ఆటోనగరులో నేను రాడ్లు కొనే చోట ఒక పెద్ద మేస్త్రీ ఉన్నారు. నలుబది యేండ్ల పని, ఇప్పటికీ చేతి పలకే. మొన్న హెల్మెట్టు తీసుకొనిపోయి, "ఒక్కసారి పెట్టుకొని చూడండి మేస్త్రీగారూ" అన్నాను. నవ్వి పెట్టుకొన్నారు. జానెడు అతుకు వేసి, ముసుగు ఎత్తకుండానే మరొక జానెడు వేసినారు. తీసిన తరువాత గాజును ఇటు అటు త్రిప్పి చూచి, "ఇదెంతయింది బాబూ?" అన్నారు. చెప్పినాను. కొంతసేపు మాట్లాడలేదు. పలకను బల్ల మీద పెట్టి, "సాయంత్రం దాకా ఉంచి వెళ్ళండి" అన్నారు.

ఉంచి వచ్చినాను.