గజాలీ నీతిమార్గము

క్రీ. శ. 1095వ సంవత్సరమున బాగ్దాదు నగరములో ఒక వింత జరిగెను. నిజామియా విద్యాపీఠమున 300 మంది విద్యార్థులకు బోధించుచుండిన అబూ హామిద్ అల్ గజాలీకి, పాఠము చెప్పవలెనని కూర్చున్నంతనే నోట మాట పెగలదయ్యెను. క్రమముగా అన్నము కూడ సహింపలేదు. వైద్యులు పరీక్షించి, ఇది హృదయమున పుట్టి శరీరమునకు వ్యాపించిన వ్యాధి యనియు, లోని కలత తీరనిదే మందు పనిచేయదనియు చెప్పిరి.

ఆ కలత యేమో గజాలీయే తన ఆత్మకథలో వివరించెను. 1058లో తూస్ ప్రాంతమున జన్మించిన ఆయనను, 1091లో సెల్జూకు మంత్రి నిజాముల్ ముల్క్ ఆ పీఠమున నియమించెను. పాండిత్యము, ధనము, రాజగౌరవము అన్నియు అమరినవి. కాని తాను బోధించుట దైవము కొరకా, కీర్తి కొరకా యని ప్రశ్నించుకొనగా, కీర్తి కొరకే యని మనస్సాక్షి బదులు చెప్పెను. సుమారు ఆరు మాసములు ఎటూ తేల్చుకొనలేక నలిగి, తుదకు కుటుంబమునకు చాలినంత యుంచి మిగిలిన ధనమును పంచిపెట్టి, మక్కాకు పోవుచున్నానని పైకి చెప్పి, డమాస్కసు దారి పట్టెను.

ఆయనను బాధించిన ప్రశ్న ఇస్లాము ఆచారములకెల్ల ఆయువుపట్టు. ఆ మతమునకు మూలస్తంభములు ఐదు: దేవుడొక్కడే, మహమ్మదు ఆయన ప్రవక్త యను విశ్వాసవాక్యము, దినమునకు 5 వేళల నమాజు, రంజాను మాసమున ఉపవాసము, నియమిత పరిమాణమునకు మించి ఏడాదిపాటు నిలువయున్న ధనములో 40వ వంతును జకాతుగా నిచ్చుట, శక్తి గలవారు జీవితమున ఒక్కమారైన హజ్ యాత్ర చేయుట. ఈ ఆరాధనలకు నియ్యత్, అనగా సంకల్పము, ముఖ్యము. క్రియ ఎంత శాస్త్రోక్తమైనను సంకల్పము చెడినచో ఫలము చెడును.

మంచిచెడ్డలకు ప్రమాణ మేది యను చర్చ అప్పటికే ముస్లిము పండితులలో సాగుచుండెను. బుద్ధియే వానిని గుర్తింపగలదని ముతజిలా వర్గమువారును, దైవాజ్ఞయే ప్రమాణమని అష్అరీ వర్గమువారును వాదించిరి. గజాలీ రెండవ వర్గమునకు చెందినవాడు. అయినను ఆయన దృష్టి మరియొక ప్రశ్నపై నిలిచెను: మంచి యేదో తెలిసిన మానవుడు మంచివాడగు టెట్లు?

ఇందుకు ఆయన గ్రీకుల నీతిశాస్త్రమును, దానిని అరబ్బీలో పెంపొందించిన మిస్కవైహ్ వంటివారి విచారమును ఉపయోగించుకొనెను. కామము గుఱ్ఱము, క్రోధము వేటకుక్క, బుద్ధి రౌతు అనెను. గుఱ్ఱమును చంపుకొన్న రౌతు వేటకు పోజాలడు. దానికి లొంగినవాడును పోజాలడు. క్రోధము మితిమీరిన తెగింపు, లోపించిన పిరికితనము, మధ్యస్థమైన ధైర్యము. ఆలోచన అక్కరలేకయే మంచి పనులు సులువుగా వెలువడునట్లు ఆత్మలో కుదురుకొన్న స్థితియే సచ్ఛీలము. అది అభ్యాసమువలన అలవడును. చక్కని దస్తూరి కోరువాడు నేర్పరి వ్రాతను పదేపదే అనుకరించును. ప్రయాసతో దిద్దిన అక్షరములే తుదకు సహజమగును. పిసినారియు పట్టుదలతో ఇచ్చుచుండిన, ఔదార్యము వానికి స్వభావమగును.

నమాజు, ఉపవాసము, జకాతు ఈ అభ్యాసమునకు సాధనములు. కాని ఇందొక చిక్కు కలదు. అభ్యాసము శీలమును పెంచును. అభ్యాసమే మనస్సు లేని అలవాటుగా మారి ఆచారమును ఎండగట్టును. ఈ చిక్కును విప్పుటకే గజాలీ 40 భాగముల ‘ఇహ్యా ఉలూమ్ అల్ దీన్’ అను మహాగ్రంథమును రచించెను. హృదయము హాజరు కాని నమాజు ప్రాణము లేని దేహ మనెను. కడుపును మాత్రము కట్టుకొనుట ఉపవాసములో తొలిమెట్టు. కన్ను, చెవి, నాలుక, కాలుసేతులను పాపమునుండి నిలుపుట రెండవది. హృదయమును లోకచింతలనుండి మరల్చుట మూడవది. జకాతు రహస్యముగా ఇచ్చుట మేలు. ఇచ్చి దెప్పిపొడుచుట దానమును చెరుచును.

సుమారు 11 సంవత్సరముల తరువాత, 1106లో, గజాలీ నిషాపూరులో మరల బోధకుడయ్యెను. ఇది పూర్వస్థితికి మరలుట కాదని ఆయన వ్రాసికొనెను: నాడు పదవిని ఆర్జించు విద్య చెప్పెను, నేడు పదవిని విడువజేయు విద్య చెప్పుచుండెను. 1111లో తూసులో ఆయన కన్నుమూసెను. చూచువారికి నాటి బోధనయు, నేటి బోధనయు ఒక్కటే. అదే శాస్త్రము. భేద మెరిగినవాడు ఆయన ఒక్కడే. ఏ ఆచారమునకైనను, ఏ సత్కార్యమునకైనను తుది పరీక్ష జరుగునది ఆ చోటనే.