తెలుగు క్రైస్తవ సంఘములు - దేశీయ నాయకత్వము

నర్సీపట్నము విశాఖ మన్యమునకు ద్వారము వంటిది. నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన యీ పట్టణము కెనడా దేశపు బాప్టిస్టులు ఉత్తర సర్కారులలో నెలకొల్పిన మిషను కేంద్రములలో నొకటి. తుని, యలమంచిలి, పిఠాపురము, సామర్లకోట మొదలగునవియు నా వరుసలోనివే. వీనికన్నింటికిని మూలస్థానము కాకినాడ. అచ్చట నీ మిషను ఎప్పుడు పుట్టెనని యడిగినచో, 1874లో జాన్ మెక్లారిన్ దొర వచ్చినప్పుడని సామాన్యముగా చెప్పుదురు. కాని యాయన వచ్చునాటికే కాకినాడలో నొక సంఘము గలదు. దానిని సమకూర్చినవాడు తెలుగువాడే.

ఉద్యమమునకు నాయకుడనగా నెవడు? ధనము పంపినవాడా, లెక్కలు వ్రాసినవాడా, లేక యెవని మాట విని జనులు కదలిరో వాడా? తెలుగుదేశపు క్రైస్తవ సంఘముల చరిత్రలో నీ మూడు పనులును ఒక్కని చేతిలో నుండుట యరుదు. లెక్కలు వ్రాసినవారు విదేశీయులగుటచే వారి పేర్లు గ్రంథముల కెక్కినవి. జనులను కదలించినవారి పేర్లు ఆ గ్రంథములలోనే యున్నను, సహాయకులన్న మాటచాటున మరుగుపడినవి.

మొదట విశాఖపట్టణమును చూతము. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పక్షమున జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారలు అచ్చటికి చేరిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను కాలధర్మము నొందిరి. ఇంత స్వల్పకాలములో తెలుగు నేర్చి, సువార్తలను తెలిగించుట పరదేశీయులకు స్వతంత్రముగా సాధ్యమగు పని కాదు. ఆనందరాయడను బ్రాహ్మణుడు క్రైస్తవుడై వారితో చేరి భాషాంతరీకరణమున తోడ్పడెను. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. ఆ పుస్తకమును చూచుటకు దొరలిద్దరిలో నొక్కడును బ్రదికియుండలేదు.

వచనమునకు ఆనందరాయడెట్లో, గానమునకు పురుషోత్తమ చౌదరి యట్లు. ఆయన 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, తెలుగు జనుల నడుమ బోధకుడుగా జీవించి, 1890లో గతించెను. పరభాషా గీతముల రాగములకు తెలుగు మాటలు తగిలించిన పాటలు పామరుల నాలుకపై నిలుచుట కష్టము. చౌదరి యట్లు చేయక, దేశీయములైన రాగతాళములలో కీర్తనలు రచించెను. చదువురానివారు వానిని విని నేర్చుకొని పాడుకొనిరి. బోధకుడు లేని పల్లెలో కీర్తనయే బోధకుడయ్యెను. ఇదియు నాయకత్వమే. ఏ సంఘపు పట్టికలోను దీనికి పదవి లేదు, జీతము లేదు.

కాకినాడ సంఘమును కూర్చిన తామస్ గాబ్రియేలు మాలకులమున పుట్టినవాడు. ప్రభుత్వ తంతి శాఖలో నుద్యోగము చేయుచుండి, దానిని విడిచి ప్రచారమునకు పూనుకొనెను. ఏ విదేశ సంఘమును వెనుక లేకయే పరిచారకులను చేర్చుకొని, విశ్వాసులను కూర్చెను. కాని ఖర్చులకు ధనము చాలక అప్పులపాలయ్యెను. తుదకు కెనడా బాప్టిస్టుల సాయమును కోరగా, అప్పటికే తెలుగు నేలపై పని చేసియున్న మెక్లారిన్ కాకినాడకు వచ్చెను. గాబ్రియేలు 1875లోనే మరణించెను. నాయకుడు దేశీయుడైనను ధనము పరదేశము నుండి రావలసి వచ్చినచో, కార్యము ధనము వెంట పోవును. పేరును దాని వెంటనే పోవును. గాబ్రియేలు కథలోని యీ విషాదము ఒక వ్యక్తికి మాత్రమే చెందినది కాదు. ఆనాటి సంఘముల యన్నింటి స్థితియు నదియే.

ఒంగోలు ప్రాంతమున జరిగిన యుద్యమము దీనికి మరియొక ముఖము. తాళ్లకొండపాడు నివాసియగు ఎర్రగుంట్ల పేరయ్య మాదిగవాడు, తోళ్ల వర్తకుడు. క్రైస్తవమును వినుటకు పూర్వమే యోగమార్గమున సాధన చేసి, తనవారిలో గురువుగా మన్నన పొందియుండెను. 1866లో ఆయన బాప్తిస్మము పొందినప్పుడు, అది యొక్క మనిషి మార్పుగా నిలువలేదు. బంధుత్వముల వెంటను, వర్తకపు త్రోవల వెంటను ఆ మాట పల్లెపల్లెకు వ్యాపించెను. 1876-78 నాటి కరవులో జాన్ క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. అన్నమునకై మతము పుచ్చుకొనిరన్న నింద రాకుండుటకు ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. పిదప 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. లోకము దీనిని క్లౌ దొర విజయముగా చెప్పుకొనెను. అయితే ఆనాడు నీటిలో నిలిచి బాప్తిస్మ మిచ్చినవారు ఆరుగురు దేశీయ బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఆ పని చేసిరి. దొర యేటిలోనికి దిగలేదు.

ఇంత కార్యభారము వహించినను, అధికార పీఠము దేశీయులకు దక్కుటకు చాలకాలము పట్టెను. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడగు వేదనాయకం సామ్యూల్ అజరయ్య 1910లో ఎడింబరో మహాసభలో మాటలాడుచు, మిషనరీలు త్యాగము చేసిరి గాని స్నేహము చేయలేదని నిర్భయముగా చెప్పెను. 1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన భారతీయులలో ప్రథముడయ్యెను. ఆయన పాలనాస్థానము నిజాం రాజ్యములోని దోర్నకల్లు. అచ్చట నిర్మించిన దేవాలయములో హిందూ, మహమ్మదీయ శిల్పరీతులు రెండును కలిసియున్నవి. ఆయన కోరిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27వ తేదీని మద్రాసులో దక్షిణ భారత సంఘముగా సిద్ధించెను. దానిని చూడకయే 1945లో ఆయన గతించెను. బాప్టిస్టు సంఘములు ఆ యైక్యమున చేరక వేరుగా నిలిచినవి.

దీనివలన విదేశీయులు చేసిన పనిని తక్కువ చేయుట యుచితము కాదు. పాఠశాలలు, వైద్యాలయములు, అచ్చుకూటములు వారు లేనిదే లేవు. పైగా గాబ్రియేలును గూర్చియు, పేరయ్యను గూర్చియు మనకు తెలియుట వారి వ్రాతల వలననే. కావున ఆ వ్రాతలను త్రోసివేయుట కాదు, వానిలో చిన్న యక్షరములలో నున్న పేర్లను పెద్ద యక్షరములలో చదువుట చరిత్రకారుని ధర్మము. భాష నిచ్చినవాడు, పాట నిచ్చినవాడు, తన ప్రతిష్ఠను పణముగా నొడ్డినవాడు, తనవారిని వెంటబెట్టుకొని వచ్చినవాడు - వీరిని విడిచి వ్రాసిన చరిత్ర మిషనుల చరిత్ర యగును గాని, తెలుగు సంఘముల చరిత్ర కాజాలదు.