వరద తెచ్చిన కట్టె ఎవరిది?

గోదావరికి వరద వస్తే నీళ్ళు ఒక్కటే రావు. వేళ్ళతో సహా లేచిన మానులు, వెదురు పొదలు, మోళ్ళు, దుంగలు కొట్టుకొస్తాయి. ఇంద్రావతి, శబరి, సీలేరు అడవుల్లోంచే దిగుతాయి. గోదావరి నిండితే కూనవరం దగ్గర శబరి కలవడానికి దారి లేక వెనక్కి ఎగపోటు వేస్తుంది. నీటి వేగం తగ్గిన చోట కట్టె ఆగుతుంది. అవి మన ఊళ్ళే.

భద్రాచలం దగ్గర నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఈ అంకెలు అందరూ రాస్తారు. నీళ్ళు తీశాక వాగుల్లో, పొలాల్లో మిగిలిన కట్టెను ఎవరు తీశారో ఎవరూ రాయరు. గొడ్డలి, తాడు పట్టుకుని తీసింది మన పెద్దలే. అది వాళ్ళకు చెత్త కాదు. పొయ్యిలోకి పుల్ల, పాకకు గుంజ, దొడ్డికి కంచె.

బ్రిటిష్ వాళ్ళు అడవిని కలప లెక్కన చూశారు. 1927 అటవీ చట్టం 45వ సెక్షన్ చూడండి. కొట్టుకొచ్చిన, ఒడ్డుకు చేరిన, మునిగిన కలప అంతా, ఎవరైనా తమదని రుజువు చేసుకునేదాకా, ప్రభుత్వానిదే అంటుంది. ఏరు మన పొలంలో పడేసిన మాను కూడా మనది కాకుండా పోయింది. ఇల్లు మునిగినవాడే కట్టె ముట్టుకోవడానికి భయపడాల్సి వచ్చింది.

2006 అటవీ హక్కుల చట్టం కొంత మార్చింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురుతో పాటు పుల్లకంపను, మోళ్ళను కూడా పేరు పెట్టి చేర్చింది. తరతరాలుగా ఏరుకుంటున్న వాటిపై మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. పెద్ద కలప ఇందులోకి రాదు. కానీ 5వ సెక్షన్ నీటి వనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఏటిలో ఏ కట్టె తీయాలి, ఏది ఉంచాలి అన్న మాటలో మన గొంతు ఉండాలని అడగడానికి ఈ ఆధారం చాలు.

అడగాల్సిన అవసరమూ ఉంది. కల్వర్టు తూముకు అడ్డం పడ్డ ఒక్క మానుకు కొమ్మలు, ఒండ్రు చేరి కట్టలా మారుతుంది. నీరు పక్కకు తిరిగి గట్టును కోస్తుంది. దాన్ని వచ్చే వరదలోపు తీయాల్సిందే. ఒడ్డున వేళ్ళు దిగి ఉన్న మొద్దును మాత్రం పెరకకూడదు. అది మట్టిని పట్టి ఉంచుతుంది, దాని నీడన చేప పిల్లలు దాగుతాయి. యంత్రం తెచ్చి అంతా ఊడ్చేసేవాళ్ళకు ఈ తేడా ఎవరు చెప్పాలి?

యువకులారా, వరద పారుతుండగా దుంగల కోసం ఏటిలోకి దిగకండి. నీళ్ళు తీశాక ఊరంతా కలిసి వెళ్ళండి. ఉపాధ్యాయులు పిల్లల చేత ఏ వాగు ఎక్కడ పూడుతుందో పటం గీయించాలి. ఏ ఏడు కట్టె ఎంతదాకా వచ్చిందో పెద్దలను అడిగి రాయించాలి. ఆ కాగితాలు గ్రామసభ తీర్మానంతో జతచేస్తే మన చరిత్రే మన సాక్ష్యం అవుతుంది.