మలంచాలో ఆరని దీపం

ఖరగ్‌పూర్‌లోని మలంచాలో మా పెదనాన్నగారి కారు డాష్‌బోర్డు మీద ఒక పసుపుపచ్చ దీపం ఏడు నెలలపాటు వెలుగుతూనే ఉంది. ఇంజను బొమ్మ గల చిన్న దీపం. కారు నడుస్తుంది, మైలేజీ తగ్గలేదు, పొగ కంటికి కనబడదు. దీపం మాత్రం ఆరదు. మొన్న చలికాలంలో నేను ఢిల్లీ నుంచి వెళ్ళినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న పార్లమెంటు గురించి కాదు. "ఒరే, మీ ఊళ్ళో పాత బళ్ళు పట్టుకుపోతున్నారట కదా. ఈ దీపం వెలుగుతుంటే మన బండిని కూడా పట్టుకుపోతారా?"

పట్టుకుపోరు అని ఒక్క మాటతో తేల్చేయవచ్చు. కానీ ఎందుకు పట్టుకుపోరో చెప్పాలంటే ముప్పై ఏళ్ళ విధాన చరిత్ర తిరగేయాలి. ఆ చరిత్ర మన ప్రభుత్వాలకు గాని, న్యాయస్థానాలకు గాని అంత గౌరవం తెచ్చేది కాదు.

ముందు మలంచా గురించి రెండు మాటలు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కూడలిగా చేసుకొని అక్కడ వర్క్‌షాపు నెలకొల్పిన నాటి నుంచి ఉత్తరాంధ్ర, గంజాం పల్లెల వారు పనికోసం ఆ ఊరు చేరారు. 1927 నాటి రైల్వే సమ్మెకు ఆ ఊరే గుండెకాయ. ఆ కార్మికుల సంఘాన్ని నడిపినవారిలో మన వి.వి. గిరి ఒకరు. బెంగాలీ, హిందీ కలగలిసిన తెలుగు నేటికీ అక్కడి వీధుల్లో వినిపిస్తుంది. పెదనాన్నగారు ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరుగా చేరి, అక్కడే పదవీ విరమణ చేశారు. ఆయన కొడుకు 2013 నవంబరులో కోల్‌కతాలో కొని తెచ్చిన పెట్రోలు కారు ఇది. ఎక్కడ కొన్నారన్నది, ఏ నెలలో కొన్నారన్నది ఈ కథలో ముఖ్యం. ఎందుకో తర్వాత చెబుతాను.

దీపం వెలిగిన మొదటి వారంలో ఒక మెకానిక్ స్కానర్ తగిలించి పి0420 అనే సంకేతం చదివాడు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తన పని సరిగా చేయడం లేదని ఆ సంకేతానికి అర్థం. అతడు సంకేతాన్ని చెరిపేశాడు; నాలుగు రోజులకు దీపం మళ్ళీ వెలిగింది. రెండో మెకానిక్ ఆక్సిజన్ సెన్సర్ మార్చాడు. పది రోజులు హాయిగా గడిచాక దీపం తిరిగి వచ్చింది. మూడో అతడు కన్వర్టరే మార్చాలన్నాడు. అతడు చెప్పిన ధర పెదనాన్నగారి పింఛనుకు రెండు నెలల పైమాట. అంత ఖర్చు ఎందుకనుకుంటే ఇంకో మార్గం ఉందని కూడా అతడే చెప్పాడట: దీపం తీగె కోసేయడం. ఆ మాట విన్నాక పెదనాన్నగారు బండి తాళాలు తీసుకొని ఇంటికి వచ్చేశారు.

ఈ దీపానికి పుట్టిల్లు కాలిఫోర్నియా. 1940లలో లాస్ ఏంజెలెస్ నగరాన్ని కళ్ళు మండించే పొగమంచు కమ్మినప్పుడు అది ఎక్కడి నుంచి వస్తోందో ఎవరికీ అంతుబట్టలేదు. వాహనాల పొగ ఎండలో మారి ఆ విషాన్ని పుట్టిస్తున్నదని 1950ల ఆరంభంలో నిరూపించినవాడు హాగెన్‌స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. తర్వాత నియమాలు వచ్చాయి, కన్వర్టర్లు వచ్చాయి. అప్పుడొక చిక్కు తలెత్తింది. కారు కర్మాగారం నుంచి శుభ్రంగానే బయటికి వస్తుంది. ఐదేళ్ళు రోడ్డు మీద తిరిగాక దాని సంగతి చెప్పేదెవరు? ప్రతి కారు వెనుకా ఒక తనిఖీదారును నిలబెట్టలేరు గనుక తనిఖీదారును కారులోనే కూర్చోబెట్టారు. 1988 నమూనాల నుంచి కాలిఫోర్నియాలోనూ, మరింత పదునుదేరిన రూపంలో 1996 నుంచి అమెరికా అంతటా ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది. ఉద్గారాలు ప్రమాణానికి ఒకటిన్నర రెట్లు దాటే అవకాశం కనిపిస్తే దీపం వెలగాలన్నది అక్కడి సూత్రం. కాలిఫోర్నియాలో దీపం వెలుగుతున్న కారు తనిఖీలో నెగ్గదు.

మన దేశానికి వచ్చేసరికి కథ న్యాయస్థానం గడప దగ్గర మొదలవుతుంది. ఎం.సి. మెహతా 1985లో వేసిన వ్యాజ్యం దశాబ్దాల పాటు సాగింది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేశారు. కన్వర్టర్‌కు సీసం విషం. సీసం కలిసిన పెట్రోలు కొన్ని ట్యాంకులు పడితే చాలు, లోపలి పూత చచ్చిపోతుంది. అందుచేత ఆ నగరాల్లో సీసం లేని పెట్రోలు కూడా ప్రవేశపెట్టారు. అయితే దేశమంతటా సీసం తొలగింది 2000 ఫిబ్రవరిలో. నడుమ ఐదేళ్ళు. నగరం కోసం తయారైన కారు నగరం పొలిమేర దాటితే ఏం తాగాలన్న ప్రశ్నకు సూటి జవాబు లేని ఐదేళ్ళవి. మహానగరంలో కారు కొన్నవాడు పండుగకు సొంత ఊరు వెళ్ళడని విధానకర్తలు అనుకున్నారేమో.

ఆ పొరపాటు నుంచి పాఠం నేర్చుకున్నారా? 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజధాని ప్రాంతానికి యూరో ప్రమాణాల గడువులు కుదించింది. 2002లో మషేల్కర్ కమిటీ నివేదిక, 2003లో వాహన ఇంధన విధానం వచ్చాయి. అవి కూడా దేశాన్ని రెండు ముక్కలుగానే చూశాయి. 2010లో 13 నగరాలకు భారత్ స్టేజ్ 4, మిగిలిన దేశానికి స్టేజ్ 3. ఆ పదమూడింటిలో కోల్‌కతా ఉంది, ఖరగ్‌పూర్ లేదు. మన వైపు చూస్తే హైదరాబాద్ ఉంది. విశాఖ, విజయవాడ లేవు. స్టేజ్ 4 పెట్రోలులో గంధకం పది లక్షల పాళ్ళకు 50 మించరాదు. స్టేజ్ 3లో 150 దాకా ఉండవచ్చు. సీసంలాగా గంధకం కన్వర్టర్‌ను చంపదు గాని, మత్తెక్కిస్తుంది. దేశమంతా ఒకే ఇంధనం కిందికి వచ్చింది 2017 ఏప్రిల్‌లో.

హెచ్చరిక దీపం చరిత్రా ఇలాగే రెండు అంచెల్లో నడిచింది. స్టేజ్ 4 కార్లలో 2010 నుంచి వచ్చిన మొదటి రకం ఏర్పాటు తీగెలు తెగాయా, సెన్సర్ ఊడిందా అన్నంతవరకే చూసేది. కన్వర్టర్ అరిగిపోయిందా అని కూడా అడిగే రెండో రకం 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. మా అన్నయ్య ఆ ఏడాది నవంబరులో కోల్‌కతాలో కొన్నాడు గనుక ఆ దీపం పి0420 అని చెప్పగలిగింది. అదే నెలలో అదే కారును ఆ 13 నగరాల బయట స్టేజ్ 3 రకంలో కొని ఉంటే ఆ ప్రశ్న అడిగే బాధ్యత ఏ చట్టమూ ఆ బండి మీద పెట్టలేదు. పేద ఊళ్ళకు మురికి ఇంధనం ఇవ్వడమే కాదు, మురికిని పసిగట్టే కన్నునూ ఇవ్వలేదు.

ఇక పొగ పరీక్ష. దీపం వెలుగుతున్న ఆ ఏడు నెలల్లోనే పెదనాన్నగారి కారు కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం గడువు తీరింది. పరీక్షా కేంద్రానికి వెళ్తే శుభ్రంగా నెగ్గింది. అందులో మోసమేమీ లేదు. కారు నిలబడి ఉండగా గొట్టంలో కడ్డీ పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలుస్తారు. స్టేజ్ 4 పెట్రోలు కారుకు హద్దులు 0.3 శాతం, 200 పాళ్ళు. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. కారులోని కంప్యూటర్‌ను ఏమీ అడగరు. దీపం అప్పుడూ వెలుగుతూనే ఉంది. పక్కన కుర్రవాడు ధ్రువపత్రం ముద్రించి ఇచ్చాడు. బీమాకూ ఈ పత్రానికీ 2017లో ముడిపెట్టిన సుప్రీంకోర్టు, ఆ పత్రం దేన్ని కొలుస్తోందన్న దాని మీద అంత పట్టుదల చూపలేదు.

స్థితిని కొలిచే సాధనం చేతిలో ఉండగా మనం వయస్సును కొలవడం ఎంచుకున్నాం. 15 ఏళ్ళు దాటిన వాణిజ్య వాహనాలను కోల్‌కతా నుంచి తొలగించాలని 2008లో కలకత్తా హైకోర్టు ఆదేశించింది. రాజధాని ప్రాంతంలో డీజిలుకు 10, పెట్రోలుకు 15 ఏళ్ళ హద్దు పెట్టిన హరిత ట్రైబ్యునల్ ఉత్తర్వును 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2022లో కోల్‌కతా, హావ్‌డాలకూ ట్రైబ్యునల్ అలాంటి ఆదేశమే ఇచ్చింది. ఢిల్లీలో వయసు మీరిన బళ్ళకు ఇంధనం పోయరాదన్న నిబంధన 2025 జూలై 1న అమలులోకి వచ్చి వారంలోనే వాయిదా పడింది. వయస్సు లెక్కించడం తేలిక, పుట్టిన తేదీ కాగితం మీదే ఉంటుంది. పాత డొక్కు బళ్ళ పొగ తాగుతున్న పసిపిల్లల ఊపిరితిత్తుల ముందు నా ఈ అభ్యంతరం చిన్నదే అనేవారున్నారు, వారి మాట నేను కొట్టిపారేయను. అయితే ఎనిమిదేళ్ళ బండి కన్వర్టర్ చచ్చిపోయి తిరుగుతుంటే ఆ పిల్లలకు వయోనియమం ఏ రక్షణా ఇవ్వదు. సరికొత్త బళ్ళే పరీక్షను పసిగట్టి పరీక్ష వేళ మాత్రం బుద్ధిగా ఉండేలా తయారయ్యాయని 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారం చూపింది. తీగె కోయమన్న మలంచా మెకానిక్‌ను తప్పుపట్టేముందు అదీ గుర్తుంచుకోవాలి.

సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు పెదనాన్నగారు తానే పనికి దిగారు. కన్వర్టర్ ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనుకొకటి ఉంటాయి. ముందరిది క్షణక్షణం ఊగుతుంది. కన్వర్టర్ ఆరోగ్యంగా ఉంటే వెనుకది నిలకడగా ఉండాలి. వెనుకది కూడా ఊగితే కంప్యూటర్ పి0420 అంటుంది. నేను ఇదంతా ఫోనులో చదివి వినిపిస్తే ఆయన కాసేపు ఆలోచించి, "అంటే గాలి కొలుస్తోందన్నమాట. బయటి గాలి లోపలికి దూరితే?" అన్నారు. రైలు పెట్టెల బ్రేకు గొట్టాల్లో గాలి కారుతోందా అని సబ్బునీళ్ళు పూసి చూసిన చేతులవి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించి, సైలెన్సర్ చివర నన్ను తడిగుడ్డ అదిమి పట్టుకోమన్నారు. గొట్టం అతుకుల మీద కుంచెతో సబ్బునీళ్ళు పూశారు. వెనుక సెన్సర్‌కు కాస్త ముందున్న అతుకు దగ్గర సన్నని బుడగలు లేచాయి. గ్యాస్కెట్ ఒక పక్క కాలి చీలిపోయింది. పొగ తోపుతోపుకూ నడుమ అక్కడి నుంచి బయటిగాలి దూరి సెన్సర్‌ను తికమక పెడుతోంది. కన్వర్టర్‌కు ఏ రోగమూ లేదు.

గ్యాస్కెట్, రెండు బోల్టులు, కూలి కలిపి ఐదు వందలు కాలేదు. సంకేతం చెరిపించి, ఆరు వారాలు గమనించాం. దీపం మళ్ళీ వెలగలేదు. బోల్టులు బిగిస్తూ ఆయన గొణిగిన మాటలు ముగ్గురు మెకానిక్‌ల గురించి కావు, గ్యాస్కెట్ తయారుచేసినవాడి గురించి. అవి ఇక్కడ రాయదగినవి కావు.

ఆ బండికి 2028 నవంబరులో పదిహేనేళ్ళు నిండుతాయి. అప్పుడు రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవాలి. ఒకప్పుడు 600 రూపాయలున్న ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. పైగా ఫిట్‌నెస్ పరీక్ష. ఈ లెక్కలన్నీ చెబితే పెదనాన్నగారు చేతులకంటిన మసి తుడుచుకుంటూ విన్నారు. అప్పటికి ఆయనకు ఎనభై రెండు.

"ముందు ఫిట్‌నెస్ నాకిస్తారో, దానికిస్తారో చూద్దాంలే" అన్నారు.