అజీజ్ నుంచి హువానన్ దాకా: హైదరాబాద్ రక్షణపంక్తి కథ

2022 మార్చి 20. గోవాలోని ఫటోర్డా మైదానం. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ 1-1తో సమంగా ఉండగా ఆట పెనాల్టీలకు వెళ్లింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. షూటౌట్ 3-1తో గెలిచి కప్పు హైదరాబాద్ పరమైంది. ఆ సీజన్‌లో హైదరాబాద్ రక్షణకు పెద్దదిక్కుగా ఉన్నవాడు హువానన్ అనే స్పెయిన్ ఆటగాడు. పూర్తి పేరు హువాన్ ఆంతోనియో గొంజాలెజ్ ఫెర్నాండెజ్, అప్పటికి 34 ఏళ్లు. కోవిడ్ కారణంగా అంతకుముందు ఏడులాగే ఆ ఏడూ లీగంతా గోవాలోనే జరిగింది. సీజన్ అవగానే అతను క్లబ్బు వదిలాడు. హైదరాబాద్‌కు లీగ్ కిరీటం తెచ్చిన జట్టులో డిఫెండర్ అయివుండి, హైదరాబాద్ జనం ముందు ఆ జట్టు తరఫున ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదన్నమాట.

ఇంకో సంగతి. ఆ ఫైనల్లో బరిలోకి దిగిన పదకొండు మందిలో హైదరాబాద్ కుర్రాడు ఒక్కడూ లేడు. ఒకప్పుడు కలకత్తా క్లబ్బులకూ భారత జట్టుకూ బ్యాకుల్ని, హాఫుల్ని పంపిన ఊరు స్పెయిన్ నుంచి స్టాపర్‌ను (వెనక మధ్యలో నిలబడే డిఫెండర్‌ను) తెచ్చుకునే దాకా ఎలా వచ్చిందన్నదే ఇక్కడ చెప్పాల్సిన కథ.

నెల్లూరు జిల్లా పడమటి అంచున, సీతారామపురం, ఉదయగిరి పల్లెల్లో ఈ కథ తెలిసినవాళ్లు తక్కువ. మా వైపు సాయంత్రమైతే వాలీబాల్ నెట్టు కట్టేవాళ్లు, పండగలకు కబడ్డీ పందేలు, ఆ తర్వాత అన్నిటినీ మింగేసిన క్రికెట్. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంగతి మాలో చాలామందికి 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాకే చెవిన పడింది. నిజానికి ఆ వైభవం సినిమాలో పట్టేంత చిన్నది కాదు.

ఆ సినిమా కథానాయకుడు సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొదటి డ్యూరాండ్ కప్పు ఫైనల్లో, 1950లో, మోహన్ బగాన్‌ను ఓడించిందీ వాళ్లే. రహీం తన కుర్రాళ్లకు విచిత్రమైన పోటీలు పెట్టేవాడు. ఒకదానిలో వాటం లేని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. ఇంకోదానిలో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. చూసేవాళ్లకు నవ్వులాటగా ఉండవచ్చు. కానీ దీనివల్ల ఎక్కువ లాభపడేది బ్యాకే. ప్రత్యర్థి మీద మీదకు వస్తుంటే ఏ కాలి ముందు బంతి పడితే ఆ కాలితోనే దాన్ని సాగనంపగలవాడు సగం గండం గట్టెక్కినట్టే.

ఆ రోజుల్లో మన దేశంలో వెనక ఉండేది ఇద్దరే బ్యాకులు. వాళ్ల ముందు ముగ్గురు హాఫులు, ఆపైన ఐదుగురు ఫార్వర్డులు. అందం ఫార్వర్డులది, చీవాట్లు బ్యాకులవి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఈ ఏర్పాటు లోపం బయటపడింది. యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారని ఆ ఓటమిని ఇప్పటికీ కాళ్ల మీదకు నెట్టేస్తారు. బూట్లు లేకపోవడం ఒక కారణమే, కాదనను. కానీ ఐదుగురు ముందుకు ఉరికే జట్టు ముందు ఇద్దరు మనుషుల్ని నిలబెట్టడం అంతకంటే పెద్ద తప్పు. భారత జట్టుకూ కోచ్‌గా ఉన్న రహీంకు ఇది అర్థమైంది. మధ్యలో మూడో బ్యాక్‌ను దించాడు. తర్వాతి కాలంలో 4-2-4 పద్ధతిని మన దేశానికి పరిచయం చేసిన ఘనత కూడా ఆయనకే ఇస్తారు.

హెల్సింకిలోనూ, నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లోనూ భారత జట్టులో ఉన్న హైదరాబాద్ బ్యాక్ సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్. అందరికీ అజీజ్. 1956 మెల్‌బోర్న్‌లో ఇండియా ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ మ్యాచ్ అనగానే నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ గుర్తొస్తుంది, రావాల్సిందే. అదే జట్టులో హాఫ్‌గా హైదరాబాదీ నూర్ మహమ్మద్ ఉన్నాడని, అజీజ్ ఉన్నాడని గుర్తుచేసేవాళ్లు అరుదు. తులసీదాస్ బలరాం పేరు, తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్ పేరు తెలిసినవాళ్లకు కూడా అజీజ్ పేరు చెబితే ఎవరని అడుగుతారు. బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లోనే పోయారు. పత్రికలు నిండుగా రాశాయి. ఒక బ్యాక్ పోతే అంత చోటు దొరకదని నా అనుమానం.

డిఫెండర్ పేరు జనం నోట నానాలంటే గోలు కొట్టాలి కాబోలు. 1962 జకార్తా ఏషియాడ్‌లో జరిగింది అదే. పంజాబ్ స్టాపర్ జర్నైల్ సింగ్‌కు తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనక హెడ్డర్లకు పనికిరాడని పక్కన పెట్టకుండా రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. సెమీస్‌లో, ఫైనల్లో అతను గోల్స్ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం. జర్నైల్‌ను దేశం మరిచిపోలేదు. మరుసటి ఏడు జూన్‌లో క్యాన్సర్‌తో రహీం కన్నుమూశాడు.

రహీం నాటిన విత్తనాల్లో ఆఖరి పెద్ద పంట సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టి, సిటీ పోలీస్ జట్టులో మొదలుపెట్టి, కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో భారత జట్టు కెప్టెన్ ఆయనే. జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చారు. ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో మనకు అదే ఆఖరి పతకం. తర్వాత కోచ్‌గా కూడా పేరు తెచ్చుకున్నాడు. 1990లో ద్రోణాచార్య, 1997లో అర్జున. గురువుకిచ్చే పురస్కారం ముందొచ్చి ఆటగాడికిచ్చేది ఏడేళ్ల తర్వాత రావడం చూస్తే, స్టాపర్‌ను గుర్తించడానికి మనకెంత ఆలస్యమవుతుందో తెలుస్తుంది.

నయీం దారే తర్వాత హైదరాబాద్‌కు చేటు చేసింది. ఆడగలిగినవాడల్లా కలకత్తా రైలెక్కాడు. హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. పోలీసు ఉద్యోగం ఇచ్చే భద్రతకు మించిన డబ్బు అక్కడ ఉంది. రహీం తర్వాత ఆయన పద్ధతిని పట్టి నిలిపే వ్యవస్థ ఊళ్లో లేదు. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. మళ్లీ ఆ మాట వినలేదు. 1983లో క్రికెట్ ప్రపంచకప్పు గెలిచాక బ్యాటు పట్టని పిల్లవాడు లేడు కాబట్టి ఆ కారణం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ఇక స్పెయిన్ సంగతి. 2014లో ఐఎస్ఎల్ మొదలైనప్పుడు తొలి కప్పు అట్లెటికో డి కోల్‌కతాది, కోచ్ స్పెయిన్‌కు చెందిన అంతోనియో హబాస్. అప్పటినుంచి స్పెయిన్ డిఫెండర్లు మన దేశానికి బారులు తీరారు: కోల్‌కతాకు, జంషెడ్‌పూర్‌కు ఆడిన తిరి, గోవాకు కార్లోస్ పెన్యా, బెంగళూరుకు హువానన్. ఎందుకు అంతమంది అంటే, అక్కడ పిల్లవాణ్ని పెద్ద క్లబ్బు చిన్నప్పుడే పట్టుకుంటుంది, రెండో జట్టులో పెంచుతుంది. ఆ రెండో జట్టు కూడా జాతీయ లీగుల్లోనే, కింది డివిజన్‌లో ఆడుతుంది. అందులోంచి పై జట్టుకు ఎక్కేది ఒకరో ఇద్దరో. మిగిలినవాళ్లు పూర్తి శిక్షణ పొందిన పనివాళ్లు, పని వెతుక్కుంటూ లోకం మీద పడతారు. హువానన్ రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కాస్తియాకు ఆడినవాడే. జర్మనీలో ఫార్చునా డ్యూసెల్‌డార్ఫ్‌కు ఆడాడు. 2016లో బెంగళూరు వచ్చాడు. ఆ ఏడాదే బెంగళూరు ఏఎఫ్‌సీ కప్పు ఫైనల్ చేరింది, అంతదాకా వెళ్లిన తొలి భారత క్లబ్బు అదే. 2019 మార్చిలో గోవాపై 1-0తో ఐఎస్ఎల్ గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. హైదరాబాద్‌కు 2021లో వచ్చాడు.

అతనికంటే ముందు వచ్చింది ఓదేయి ఒనైందియా. స్పెయిన్‌లో అతని క్లబ్బు మిరాండేస్. ఎబ్రో నది ఒడ్డున మిరాండా అనే పట్నం, జనాభా 35 వేల పైచిలుకు. అంటే మా ఆత్మకూరుకు కాస్త అటూ ఇటూ. అంత ఊరికి దాదాపు 6 వేల మంది కూర్చునే మైదానం, జీతాలిచ్చే క్లబ్బు ఉన్నాయి. 2020లో ఆ క్లబ్బు సెవియా, వియ్యారియల్ లాంటి జట్లను ఓడించి స్పెయిన్ రాజు కప్పు సెమీస్‌కు చేరింది. ఆ జట్టులో ఓదేయి ఉన్నాడు. స్పెయిన్ డిఫెండర్ల రహస్యమేమిటని అడిగేవాళ్లకు నేను రియల్ మాడ్రిడ్‌ను చూపించను, మిరాండాను చూపిస్తాను.

2019-20లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ తొలి ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచింది. 2020లో కోచ్‌గా వచ్చిన మనోలో మార్కెజ్ వెనకనుంచి సర్దడం మొదలుపెట్టాడు. ఓదేయి పక్కన మణిపురి కుర్రాడు చింగ్లెన్‌సనా సింగ్‌ను నిలబెట్టాడు. ఇద్దరు ఫుల్‌బ్యాకులు ఆశిష్ రాయ్, ఆకాశ్ మిశ్రా ఇరవై రెండేళ్లు కూడా నిండనివాళ్లు. ఆట కీపర్ దగ్గర మొదలవుతుంది. స్పెయిన్‌వాడు బంతి అందుకుని తొందరపడడు. ఎదుటి ఫార్వర్డ్ తన మీదకు వచ్చేదాకా ఆగి, అతను ఖాళీ చేసిన చోటుకు పాస్ ఇస్తాడు. బంతిని ఆకాశంలోకి బాదడం అతని లెక్కలో ఆఖరి మార్గం. డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టిన రహీం ఈ ఆట చూసివుంటే కొత్తగా అనిపించేది కాదేమో. మొదటి ఏడు ఐదో స్థానం, రెండో ఏడు కప్పు. ఆ కప్పు ఏడాది ఓదేయి మిరాండేస్‌కు వెళ్లడంతో అతని చోటులోకే హువానన్ వచ్చాడు. 2022-23లో ఓదేయి తిరిగొచ్చాడు, గచ్చిబౌలి జనం చివరకు అతన్ని తమ ఊళ్లో చూశారు. జట్టు రెండో స్థానంలో నిలిచింది.

తర్వాత కుప్పకూలడానికి ఏడాది పట్టలేదు. ఆర్థిక చిక్కులు ముదిరి 2023-24లో విదేశీ ఆటగాళ్లలో దాదాపు అందరూ సీజన్ మధ్యలోనే వెళ్లిపోయారు, జట్టు మళ్లీ అట్టడుక్కి చేరింది. ఆశిష్ రాయ్ అప్పటికే కోల్‌కతాలో, ఆకాశ్ మిశ్రా ముంబైలో ఉన్నారు. చింగ్లెన్‌సనా బెంగళూరు వెళ్లాడు. 2025లో క్లబ్బే పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. నయీం కాలంలో ఆటగాళ్లు కలకత్తాకు వెళ్లినా ఊళ్లో పోలీస్ జట్టు మిగిలింది. ఈసారి జట్టే వెళ్లింది.