కడుపు నిండినా చేయి ఆగట్లేదా? బింజ్ ఈటింగ్ వెనక 80 ఏళ్ల కథ

"కాస్త నోరు కట్టుకో, అన్నీ సెట్ అయిపోతాయి." లావుగా ఉన్నవాళ్లకి మన ఇళ్లల్లో, పెళ్లిళ్లల్లో అందరూ ఫ్రీగా ఇచ్చే సలహా ఇది. నిజంగా నోరు కట్టేసుకుంటే ఏమవుతుంది? దీన్ని ఒకసారి నిజంగానే టెస్ట్ చేశారు.

1944, అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆకలితో మాడిపోయిన జనాన్ని మళ్లీ మామూలు మనుషుల్ని ఎలా చేయాలి? ఇది తెలుసుకోవడానికి యాన్సెల్ కీస్ అనే సైంటిస్ట్ 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని తీసుకున్నాడు. అందరూ ఇష్టపడి వచ్చినవాళ్లే. ఆరు నెలల పాటు వాళ్ల తిండిని దాదాపు సగానికి తగ్గించారు. బరువు పావు వంతు వరకు పడిపోయింది. కానీ అసలు విషయం అది కాదు. వాళ్లకి రోజంతా తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్లు. మళ్లీ కావలసినంత తిండి దొరికాక, కడుపు నిండినా కొంతమంది ఆపలేకపోయారు. వాళ్లకి విల్ పవర్ లేకనా? కాదు, ఆరు నెలలు ఆకలి తట్టుకున్నవాళ్లు వాళ్లు!

1959లో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే సైకియాట్రిస్ట్ ఇంకో మాట చెప్పాడు. ఒబేసిటీ ఉన్నవాళ్లంతా ఒకేలా తినరు. కొందరు కొద్దిసేపట్లోనే విపరీతంగా తినేసి, తర్వాత తమని తామే తిట్టుకుంటారు. దీన్నే మనం ఇప్పుడు బింజ్ ఈటింగ్ అంటున్నాం.

1975లో ఒక సరదా ప్రయోగం జరిగింది. కాలేజీ అమ్మాయిలకి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూసి చెప్పమన్నారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. ఎప్పుడూ డైట్ ధ్యాసలో ఉండేవాళ్లు మాత్రం రివర్స్‌లో ఎక్కువ తిన్నారు! ఎందుకంటే, "ఎలాగూ డైట్ పోయింది కదా, ఇంక తినేద్దాం" అనే లెక్క. ఈ లెక్క మనలో చాలామందికి తెలిసిందే.

మరి ట్రీట్‌మెంట్? ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ 1980ల నుంచి ఒక టాక్ థెరపీని డెవలప్ చేస్తూ వచ్చాడు. అది సీబీటీలో ఒక రకం. అందులో మొదటి రూల్ వింటే ఆశ్చర్యపోతారు: భోజనం మానొద్దు! టైమ్‌కి మూడు పూటలా తినాలి, మధ్యలో చిరుతిండి కూడా. ఏం తిన్నారు, అప్పుడు మనసులో ఏముంది అనేది వెంటనే రాసుకోవాలి. అలా రాస్తుంటే ఎక్కడ ట్రిగ్గర్ అవుతోందో దొరుకుతుంది. ఇంకో థెరపీ ఐపీటీ. అందులో తిండి గురించి కాకుండా ఎక్కువగా మనుషులతో సంబంధాల గురించి మాట్లాడతారు: గొడవలు, ఒంటరితనం, దుఃఖం.

2010లో వీటికి, డైట్-ఎక్సర్‌సైజ్ ప్రోగ్రామ్‌కి పోటీ పెట్టిన స్టడీ వచ్చింది. అధిక బరువు, బింజ్ ఈటింగ్ రెండూ ఉన్న 205 మంది. ట్రీట్‌మెంట్ అయిపోగానే మూడు గ్రూపులూ దాదాపు సమానం. బరువులో డైట్ గ్రూపే కాస్త ముందు. కానీ రెండేళ్ల తర్వాత చూస్తే, బింజింగ్ ఆపడంలో ఐపీటీ, గైడెన్స్‌తో చేసే సీబీటీ గెలిచాయి. అలాగని ఇవి బరువు తగ్గించే మంత్రాలు కావు. డాక్టర్ చూసుకునే మితమైన డైట్ చెడ్డదీ కాదు. ప్రమాదమంతా పూటలు మానేసి కడుపు మాడ్చుకోవడంలోనే ఉంది.

చివరికి 2013లో దీన్ని పూర్తి స్థాయి జబ్బుగా అమెరికన్ సైకియాట్రిస్టుల మాన్యువల్‌లో చేర్చారు. సగటున వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు ఇలా జరుగుతుంటే డాక్టర్‌ని కలవాల్సిందే. ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి కాల్ చేయండి. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంట్లో ఎవరైనా రాత్రిపూట చాటుగా తింటూ కనిపిస్తే, "సిగ్గు లేదా" అనకండి. ఆ సిగ్గు వాళ్ల దగ్గర ఇప్పటికే చాలా ఉంది. "పొద్దున్న ఏమైనా తిన్నావా?" అని అడగండి.